పదకొండు పుంజుల శెట్టి

ఆయన పోయిన పదకొండో రోజు, భోజనాల పందిట్లో ఒక పెద్దమనిషి లేచి, "కోడి ప్రాణమైనా పోనియ్యని పుణ్యాత్ముడు" అని నాలుగు మాటలు చెప్పాడు. చేతులు కడుక్కుని బయటికి వస్తే టీ అంగడి దగ్గర ఇంకొకరు, "చాటుగా గుడ్లు తినకపోతే శెట్టికి కోళ్ళతో ఏం పనప్పా?" అని నవ్వుతున్నారు. రెండూ తప్పే. కానీ మా ఊళ్ళో ఈ రెండింట్లో ఏదో ఒకటి నిలబడిపోతుంది. ఒకసారి నిలబడిన మాటను తర్వాత ఎవరూ దిద్దరు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

నేను దర్జీని. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది గాని, మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న మూడు బీరువాల పుస్తకాలనూ అట్ట నుంచి అట్ట దాకా చదివాను, కొన్నింటిని రెండుసార్లు. ఆ బీరువాల్లో గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు చాలా ఉన్నాయి. దొడ్లో ముల్లంగి వేసుకుని, కోళ్ళ మధ్య కూర్చుని, చలికాలాన్ని మనసారా అనుభవించిన మనిషి గురించి ఒక్కటీ లేదు. అది నాకు లోటుగా తోచింది.

పేరు రాయను. అది ఆయన కోరికే. "నువ్వు ఎప్పుడో ఒకప్పుడు రాస్తావు, నాకు తెలుసు" అన్నాడు ఒకసారి. "పేరు మాత్రం ఎయ్యొద్దప్పా. ఆదోనిలో మా చుట్టాలు పేపరు ఒక్క అచ్చరం విడవకుండా చదువుతారు. శెట్టి కోళ్ళు సాకినాడని తెలిస్తే పెండ్లిండ్లకు పిలవరు."

ఊరంతా ఆయన్ని శెట్టి అనే పిలిచేది. నేను మామా అనేవాణ్ణి. మాది ఓర్వకల్లు పక్కన ఒక చిన్న ఊరు. బస్సు ఆగే చోట ఆయన కిరాణా అంగడి, దానికి ఎదురుగా అరుగు మీద నా కుట్టు మిషను. అరవై దాటాక అంగడి కొడుక్కి అప్పగించి, ఆయన ఇంటి వెనక దొడ్లోకి మారిపోయాడు. నిజంగానే మారిపోయాడు. నిద్రకూ తిండికీ తప్ప ఇంట్లో కనిపించేవాడు కాదు.

మా నేలలో ఎనిమిది నెలలు బండలు వేడిని కక్కుతూనే ఉంటాయి. వానలు తగ్గి, పొద్దున పూట గుట్టల మీద పలచగా మంచు కనపడే రోజు కోసం ఆయన కాచుకుని ఉండేవాడు. ఆ రోజు రాగానే ట్రంకు పెట్టె తెరిచి గోధుమరంగు మంకీ టోపీ తీసేవాడు. ఆ టోపీ బయటికి వచ్చిందంటే మా వీధికి చలికాలం మొదలైనట్టే. అప్పటికి నిజంగా చలి ఉన్నా లేకపోయినా.

"ఎండాకాలం ఈ నేల ఇంటి ఓనరు లెక్క. ఎప్పుడు ఖాళీ చేస్తావా అని చూస్తాంటాది. చలికాలం మాత్రం మేనత్త లెక్క. ఏం అడిగినా పెడతాది" అనేవాడు.

అడిగినవన్నీ పెట్టేది కూడా. చెరువు మట్టి తోలించి చేసిన మడుల్లో ముల్లంగి, మెంతికూర, కొత్తిమీర, టమాటా, గోడ వార పందిరి మీద చిక్కుడు జాతి అనప తీగ. అనపకాయలు ముదిరిన వారంలో నాకు కబురు వచ్చేది. గింజలు నానబెట్టి, పొట్టు పితికి, వెంకటసుబ్బమ్మత్త ఆ పప్పుతో చేసే కూర తినడానికి. వెంకటసుబ్బమ్మత్త ఆయన భార్య. కూర వడ్డించేటప్పుడు ఆమె మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఇది బండలకు ఇవతలి కూరే నాయనా, అనుమానం లేకుండా తిను."

ఆ బండల సంగతి చెప్పాలి. దొడ్డి మధ్యలో మోకాలెత్తు నాపబండలు వరసగా నిలబెట్టి ఉండేవి. ఇవతల వంటిల్లు, తులసి, గిన్నెలు తోమే చోటు. అవతల మడులు, కోళ్ళు. వాళ్ళది మాంసం, గుడ్డు ముట్టని ఇల్లు. కోడి గాని, గుడ్డు గాని, కోడిని ముట్టుకున్న చెయ్యి గాని బండలు దాటి ఇవతలికి రాకూడదన్నది అత్త పెట్టిన కట్టుబాటు. ఆయన ప్రతిసారీ అవతలే ఉన్న తొట్టి దగ్గర స్నానం చేసి దాటేవాడు. రోజుకు మూడు స్నానాలు.

"ఈ కోళ్ళ వల్ల ఊరంతటికీ నేనే శుభ్రమైన మనిషినైతిని" అనేవాడు తల తుడుచుకుంటూ.

కోళ్ళు ఎట్లా వచ్చాయంటే, తేళ్ళ వల్ల. బండల సందుల్లో తేళ్ళు ఎక్కువ. పక్కింటి మస్తాన్‌బీ పెట్ట ఒకరోజు గోడ దూకి వచ్చి, ఆయన కాలికి జానెడు దూరంలో ఉన్న తేలును ముక్కుతో పట్టి, రెండు విదిలింపుల్లో మింగేసింది. ఆయన అక్కడే కూర్చుని చాలాసేపు ఆ పెట్టను చూశాడట. మరునాడు మస్తాన్‌బీని అడిగి రెండు పెట్టలు, ఒక పుంజు తెచ్చుకున్నాడు.

వాటికి అంగడి సరుకుల పేర్లు పెట్టాడు. నల్లది మిరియం. ఎర్రనిది బెల్లం. చుక్కల పెట్ట జీలకర్ర. నేను పొద్దున మిషను దగ్గరికి పోతూ గోడ మీదుగా పలకరిస్తే, నీరెండలో బండ మీద కూర్చుని, ఒళ్ళో నూకల చేట పెట్టుకుని, "జీలకర్రకు ఈ పొద్దు మనసు బాగలేదు" అని సమాచారం చెప్పేవాడు.

ఆకాశంలో విమానం పోతే కోళ్ళన్నీ గద్ద అనుకుని అనప పందిరి కిందికి పరుగెత్తేవి. విమానాశ్రయం మా ఊరికి దగ్గర. ఆయన తల ఎత్తి చూసి, "అది బెంగుళూరు పోయేదిలే. మనల్ని పట్టించుకోదు. రాండి, రాండి" అని వాటికి నచ్చజెప్పేవాడు. అవి నమ్మేవి కావు. ఆయన మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు.

టమాటాలు పండే ముందు నా దగ్గర ఎర్రగుడ్డ పేలికలు అడిగి పట్టుకుపోయేవాడు. కాయలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే చెట్లకు ఎర్ర పేలికలు కట్టేవాడు. కోళ్ళు వాటిని పొడిచి పొడిచి, రుచి లేక విసుగెత్తి, తర్వాత నిజంగా పండిన టమాటాల జోలికి పోవని ఆయన సిద్ధాంతం. "ఎర్రగా ఉండేదంతా తినేది కాదని వాటికి తెలియాల గదా." సగం టమాటాలు దక్కేవి. ఆ సగం సిద్ధాంతం వల్ల దక్కినవని ఆయన, ఆయనే రోజంతా కర్ర పట్టుకుని కాపలా కాసినందువల్ల దక్కినవని అత్త.

ఇంత జాగ్రత్త మనిషి ఒక పొరపాటు చేశాడు. ఆ ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు. గుడ్డు తినకూడదు. ఇంకొకరికి తినమని ఇచ్చినా తాను తిన్నట్టే అనుకున్నాడు. కాబట్టి పెట్టిన ప్రతి గుడ్డునూ పొదగనిచ్చాడు. చలికాలం పొదిగిన గుడ్లు చెడిపోవడం తక్కువ. ఇసుక పోసిన గంపల్లో పెట్టలు ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చుని, తొమ్మిదేసి, పదేసి పిల్లల్ని తీశాయి. ఆయన సంబరానికి అంతులేదు. వీధిలో పోయేవాళ్ళను పిలిచి చూపించాడు.

రెండో చలికాలానికి దొడ్లో ఇరవై ఐదు కోళ్ళు. అందులో పదకొండు పుంజులు.

మాంసం తినే ఇంట్లో పదకొండు పుంజులు ఉండవు. ఆ లెక్క ఎవరూ వేసుకోనక్కర్లేకుండానే సరిపోతూ ఉంటుంది. ఆయన ఇంట్లో సరిపోయే దారి లేదు. తెల్లవారకముందే పదకొండు గొంతులు లేచేవి. ముళ్ళకంప తోసేసి మడుల్లో పడి కొట్లాడుకునేవి. మెంతి మడి రెండుసార్లు మళ్ళీ చల్లాడు. అన్నిటికన్నా పెట్టల గతి చూడలేకపోయాం. పుంజుల తాకిడికి వీపు మీద ఈకలు రాలిపోయి ఎర్రటి తోలు కనపడేది. అవి మేత కూడా మాని పందిరి కింద దాక్కునేవి. ఊళ్ళో అప్పుడే ఆయనకు పదకొండు పుంజుల శెట్టి అని పేరు పడింది.

సుంకులమ్మ దేవర, అంటే జాతర, దగ్గరపడి బలికి పుంజులు అడగవచ్చిన వాళ్ళందరికీ ఆయన ఒకటే మాట చెప్పాడు. "సాకినోళ్ళు ఇచ్చేది కాదప్పా."

ఒక సాయంత్రం నా మిషను దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "లైబ్రరీలో కోళ్ళ పుస్తకం ఉంటాది గదా. పుంజులు ఎక్కువైతే ఏం చెయ్యాలో చూసి చెప్పు."

చూశాను. పది పెట్టలకు ఒక పుంజు చాలని ఉంది. మిగిలిన వాటిని మాంసానికి అమ్మేయమని ఉంది. చదివి వినిపించాను.

"ఇంగో పుస్తకం చూడు" అన్నాడు.

ఇంకోటి చూశాను. అదే ఉంది. దారం కొనడానికి కర్నూలు పోయినప్పుడు పెద్ద గ్రంథాలయంలో మరో మూడు తిరగేశాను. ఒకదాంట్లో చలికాలం మేత గురించి పన్నెండు పేజీలు, పుంజుల గురించి రెండు వరసలు. ఆ రెండు వరసల్లోనూ అదే. పుస్తకంలో లేని జవాబు ఉండదనే నమ్మకంతో అంతవరకు బతికినవాణ్ణి. తిరిగి వచ్చి చెప్పడానికి నాకే ఇబ్బందిగా అనిపించింది.

"అన్ని పుస్తకాలూ తినేవాళ్ళే రాసినారేమోలే" అన్నాడు. ఆయన నవ్వలేదు.

ఆ వారంలోనే జీలకర్ర చచ్చిపోయింది. అనప పందిరి కింద మెడ వాల్చి పడి ఉంది. ఆయనే గుంత తీసి పూడ్చాడు. ఆ రోజు ముల్లంగికి నీళ్ళు కూడా పెట్టలేదు.

తర్వాత పుంజులు ఒక్కొక్కటే కనపడకుండా పోవడం మొదలైంది. పొద్దు గూకే వేళ దొడ్డి వెనక తడిక తెరిచి ఉండేది. "మూసేది మరిచిపోయినాను" అనేవాడు. పది రోజుల్లో నాలుగు పోయాయి. యాడికో పోయింటాయిలే అంటాడు తప్ప ఒక్కదాన్ని కూడా వెతకలేదు. ముఖం మాత్రం తేటపడింది. నాకు అర్థమైంది. ఎవరో పట్టుకుంటారు, ఏదో చేసుకుంటారు, ఆ ఏదో ఏమిటన్నది ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ అది తెలివైన ఉపాయంగానే తోచింది.

ఒక ఆదివారం పొద్దున పేలికలు ఇవ్వడానికి పోయి దొడ్లో ఉన్నాను. ఆయన బండ మీద ఎండ కాగుతున్నాడు. బండలకు ఇవతల అత్త బియ్యం చెరుగుతోంది. తడిక తోసుకుని మస్తాన్‌బీ వచ్చింది. నెత్తి మీద పెద్ద గంప, దాని మీద గోనెపట్ట. గంప దించి పట్ట తీసింది. నాలుగు పుంజులు దులుపుకుంటూ బయటికి వచ్చాయి.

ఆయన లేచి నిలబడ్డాడు.

"నీ పుంజులే అన్నా" అంది మస్తాన్‌బీ. "మా దొడ్లో ఉండాయి. ఇన్ని దినాల నుంచి నూకలు పెడతాండా. ఒక్కసారన్నా వచ్చి, నా పుంజులేమన్నా ఈడికి వచ్చినాయా అని అడుగుతావేమోనని చూస్తిని."

"వచ్చినాయా మీ దొడ్లోకి?" అన్నాడాయన. "ఉంచుకోరాదామ్మా."

"ఉంచుకొని?"

"ఏమన్నా చేసుకో."

"ఏమన్నా అంటే?"

ఆయన నా వైపు చూశాడు. నేను పేలికల మూట వైపు చూశాను.

"ముప్పై ఏండ్లుగా నీ గోడ పక్కన ఉండా" అంది మస్తాన్‌బీ. గొంతు పెంచలేదు. "అంగడి తాళం మూడుసార్లు లాగి చూసే మనిషివి. తడిక మరిచిపోతావా నువ్వు? సాకేది నువ్వు, పుణ్యం నీకు. కోసేది మేము, పాపం మాకు. ఇదేం పంపకం శెట్టన్నా?"

"అట్ల కాదమ్మా..."

"మరెట్ల? మేం తింటాం. తినేదానికి మాకు సిగ్గు లేదు. బిస్మిల్లా అనకుండా కత్తి పెట్టం. దోవన దొరికిన కోడిని మాత్రం మా ఇంట్లో వండం. ఇయ్యాలనుకుంటే చేత్తో ఇయ్యి. కోసుకోమని నోటితో చెప్పు. చెప్పలేనంటావా, పదకొండింటినీ నువ్వే సాక్కో. ఉండే పెట్టలు గూడా పోయేదాకా."

అత్త చేట ఆగిపోయింది.

ఆయన మడుల మధ్యకు పోయాడు. వంగి ఒక ముల్లంగి ఆకు సరిచేశాడు. పందిరికి కట్టిన తాడు బిగించాడు. అది బిగువుగానే ఉంది. దొడ్డి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "కోసేది నేను చూడాల్నా?" అని అడిగాడు.

"వద్దు. చెప్పు చాలు."

"నొప్పి తెలుస్తాదా దానికి?"

"నా కొడుకు చెయ్యి సులువు. కత్తి సానబట్టి పెట్టుకుంటాడు. తెలియదని నేను చెప్పను. శానాసేపు ఉండదు."

ఆ జవాబు ఆయనకు నచ్చిందనుకుంటాను. అబద్ధం చెప్పలేదు ఆమె. ఎర్ర పుంజును పిలిస్తే దానంతటది వచ్చింది. రెండు చేతులా ఎత్తుకుని ఆమె చేతుల్లో పెట్టాడు. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. ఆమె ఆ పుంజును దగ్గరికి తీసుకోలేదు, వెనక్కీ ఇవ్వలేదు. అట్లాగే పట్టుకుని నిలబడింది.

"ఎండుమిర్చి దీని పేరు" అన్నాడు చివరికి. "కోసుకోమ్మా."

"సరే అన్నా" అంది. తీసుకుని వెళ్ళింది.

ఆ వారంలో పుంజులు ఒక్కటి మిగిలే దాకా, అన్నిటినీ ఆయనే ఎత్తి, మస్తాన్‌బీకీ మరో నలుగురికీ ఇచ్చాడు. ప్రతిదానికీ పేరు చెప్పాడు, ఆ మాటా చెప్పాడు. ఇచ్చిన రోజు రాత్రి అన్నం తినేవాడు కాదు. అత్త అడిగేది కాదు.

ఆ తర్వాత ప్రతి చలికాలం రెండు గంపలే పొదగేసేవాడు, ఎక్కువైన పుంజులను అట్లాగే పేరు చెప్పి చేత్తో ఇచ్చేవాడు. మిగిలిన గుడ్లు బాలింతలున్న ఇళ్ళకు పంపేవాడు, ఉడకబెట్టి తినమని చెప్పి మరీ. పెట్టల వీపులు మళ్ళీ నిండాయి. దొడ్డి నెమ్మదించింది. నీరెండలో బండ మీద ఆయన కూర్చుంటే చుట్టూ కోళ్ళు దుమ్ములో రెక్కలు విప్పి పడుకునేవి. నేను పుస్తకం చదివి వినిపించేవాణ్ణి. అప్పటికి ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఎవరైనా ఆయన్ని పుణ్యాత్ముడు అంటే మాత్రం చిరాకు పడేవాడు. "పోయి మస్తాన్‌బీని అడుగు" అనేవాడు.

పోయిన పుష్యమాసంలో, అనపకాయలు ఇంకా ముదరకముందే, నిద్రలో పోయాడు.

పన్నెండో రోజు పొద్దున కొడుకు చికెన్ సెంటర్ బాషాను పిలిపించాడు. తొమ్మిది పెట్టలు, నాలుగు పుంజులు. అన్నీ ఒకేసారి బండి మీద వేసుకుపొమ్మన్నాడు. అతని తప్పు లేదు. అంగడి చూసుకోవాలి, దొడ్లోకి పోయేవాళ్ళు లేరు. బాషా బండి వెనక ఇనుప బుట్టలు తెరిచాడు. ఒక పుంజు కాళ్ళు కట్టి తలకిందులుగా పట్టుకున్నాడు.

"దించప్పా దాన్ని" అంది అత్త, బండలకు ఇవతల నుంచి.

"అమ్మా, నువ్వు లోపలికి పో" అన్నాడు కొడుకు.

"మీ నాయన అట్ల ఇయ్యలేదు."

"నాయన లేడు గదమ్మా. ఎవరిస్తారు?"

ఆమె పైట కొంగు నడుముకు దోపుకుంది. కోళ్ళు వచ్చిన నాటి నుంచి దాటని బండలను, ఒక చెయ్యి ఆనించుకుని, దాటింది. బాషా పుంజును కింద పెట్టి కట్టు విప్పాడు. ఆమెకు కోడిని ఎత్తడం తెలియదు. అది గోరుతో మణికట్టు మీద గీరింది. అయినా వదలకుండా రొమ్ముకు అదిమి పట్టుకుంది. గోడ అవతలి నుంచి మస్తాన్‌బీ వచ్చి ఎదురుగా నిలబడి చేతులు చాచింది. తొందరపెట్టలేదు. తానే అందుకోనూ లేదు.

అత్త దాని పేరు చెప్పింది. మెంతులు. ఆయన రోజూ చెప్తుంటే వినీ వినీ ఆమెకు అన్ని పేర్లూ వచ్చని మాకెవరికీ తెలియదు. తర్వాత ఆ మాట కూడా చెప్పింది. గొంతు సన్నగా వచ్చింది గాని అందరికీ వినపడింది. మిగిలిన మూడింటినీ అట్లాగే, అడిగిన వాళ్ళ చేతుల్లో పెట్టింది. పెట్టలు సాక్కునే ఇళ్ళకు పోయాయి. అత్త తొట్టి దగ్గర తల మీదుగా నీళ్ళు పోసుకుని ఇవతలికి వచ్చి, పొయ్యి అంటించింది.

జరిగింది ఇదీ. ఇది రాయడంలో సాయపడిన వాళ్ళకు నమస్కారాలు చెప్పుకోవాలి. కోళ్ళ పుస్తకాలు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా తీసిచ్చిన మా గ్రంథాలయం రమణమ్మ మేడంకు. కర్నూలు పెద్ద గ్రంథాలయంలో మూడు అంతస్తులు నాతో పాటు ఎక్కి దిగిన ఓబులేసుకు. మొత్తం చదివించుకుని విని, "నేను అన్నదానికన్నా మెత్తగా రాసినావు, పోనీలే" అన్న మస్తాన్‌బీకి. తన ఇంటి సంగతి రాయనిచ్చిన, తన పేరు దాచొద్దన్న వెంకటసుబ్బమ్మత్తకు. చివరగా, ఆ రోజు బండి ఇంజను ఆపి, గంటసేపు నోరెత్తకుండా పక్కన నిలబడి, ఖాళీ బుట్టలతో తిరిగి వెళ్ళిపోయిన బాషాకు.